రేవులో దిగిన కాటా

రత్తయ్య కాటాను కాలవలో ముంచింది నేనే, ఒంటి చేత్తో. నమ్మనివాళ్ళు కూర్చోండి, చెబుతాను. నమ్మినవాళ్ళు కూడా కూర్చోండి, మీకే ఎక్కువ అవసరం.

డెబ్బైమూడు డిసెంబరు. విజయవాడ వన్ టౌన్ కాలవ రేవుకి కొత్త ధాన్యం పడవలు వస్తున్నాయి. పడవకీ గట్టుకీ మధ్య బల్ల వేసి, దాని మీదుగా బస్తాలు మోసేది మా ముఠా, నలభై మందిమి. మోతలో కారిన గింజలు మా ఆడవాళ్ళవి. ఎప్పటినుంచో అంతే. ఆ రోజు వాళ్ళలో సంపూర్ణమ్మ చీపురు పట్టుకుని గేటు లోపల వంగిందో లేదో, కాంట్రాక్టరు రత్తయ్య కాపలావాడు లాఠీతో ఆమె మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అందరం విన్నాం. ఒక్కడు కూడా బస్తా దించలేదు. ఆ సిగ్గు నాకింకా ఉంది.

రేవుకి గేటేమిటని మీరడగాలి. రెండేళ్ళ క్రితం అక్కడ గేటూ లేదు, గోడా లేదు. కాటా పెట్టుకోడానికి నాలుగు మూరల జాగా ఇవ్వండయ్యా అని రత్తయ్య చేతులు నులుముకుంటూ వచ్చాడు. మాకో ఆచారం ఉంది: రేవుకి కొత్త పనిముట్టు ఏది వచ్చినా మేస్త్రీ భుజాన మోసి గట్టెక్కించాలి. అప్పుడది ముఠా వస్తువు. అలాగే మా మేస్త్రీ శౌరయ్య కాటా ఇనప దూలం మోశాడు. ఆయన భార్య అమలమ్మ దానికి బంతిపూల దండ వేసింది. ఇక మనదే అనుకున్నాం. కాటాకి షెడ్డు వచ్చింది. షెడ్డుకి గోడ, గోడకి గేటు, గేటు దగ్గర లాఠీ. సోమవారం నుంచి మా యూనియన్లో ఉన్నవాడెవడూ లోపలికి రాకూడదని ఇప్పుడు హుకుం.

మధ్యాహ్నం ఖాళీ పడవలో మీటింగు పెట్టాం. అర్జీ పెడదామని ఒకరు, కాపలావాణ్ణి నరుకుదామని ఇశ్రాయేలు. మాలో పెద్దవాడు, బందరు మనిషి, నన్నే సాహెబ్ అనే ఆయన బీడీ ఆర్పాడు.

"మా ముత్తాతలు బందర్లో గుడ్డల అద్దకం చేసేవాళ్ళు. పోర్చుగీసువాడు సముద్రంలో దారి కనిపెట్టాడని బళ్ళో గొప్పగా చెబుతారుగా, ఆ దారెంబడే డచ్చివాడొచ్చాడు, ఇంగ్లీషువాడొచ్చాడు, ఫ్రెంచివాడొచ్చాడు. దిగంగానే ఎవడూ దేశం ఇమ్మనలేదు భాయ్. సరుకు పెట్టుకోడానికి కాస్త జాగా అన్నారు. ఆ పెట్టెలు మోసింది మావాళ్ళే. గోదాము లేచింది. గోదాముకి గోడ, గోడ మీద ఫిరంగి. ఆఖరికి మావాళ్ళు గేటు బయట నిలబడి, తామద్దిన గుడ్డకి వాడు చెప్పిన రేటు పుచ్చుకున్నారు. కాదన్నోడి వీపు చీరారు."

"మోసినోళ్ళు ఊరుకున్నారా?" అన్నాడు శౌరయ్య.

"ఏం చేస్తారు? మీలాగే దండేసుంటారు."

అందరూ నవ్వారు. శౌరయ్య నవ్వలేదు. "మోసింది నేను. దించేదీ నేనే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గేటు విరగ్గొట్టాం. రత్తయ్య మనుషులు ఇనప కడ్డీలతో మీద పడ్డారు. ఇశ్రాయేలు తల పగిలింది. మేం బస్తాలకి వేసే కొక్కెం వాళ్ళలో ఒకడి చెంపలో దిగింది. గట్టంతా నెత్తురూ ధాన్యమూ కలిసి కాళ్ళకింద జారింది. అమలమ్మ కాటాకి మోకు చుట్టింది. విరిగిన చెయ్యి గుండెకి ఆనించుకుని, రెండో చేత్తో, పళ్ళతో ముడి బిగించింది సంపూర్ణమ్మ. మిగతావాళ్ళు లాగారు. కాటా గట్టు మీంచి దొర్లి నీళ్ళలో పడింది.

అన్నట్టు, ఒంటి చేత్తో అన్నాను కదూ. ఆ చెయ్యి సంపూర్ణమ్మది. నా చేతులు రెండూ అప్పుడు పడవ అంచు పట్టుకుని ఉన్నాయి. మిగతా ఒళ్ళంతా మెడలోతు నీళ్ళలో ఉంది, కడ్డీలు చూడగానే దూకేశాను.

అక్కణ్ణుంచే చూశాను. పోలీసు లారీ ఆగింది. తుపాకులు పేలాయి. మోకు వదలని శౌరయ్య మోకాళ్ళ మీద కూలాడు. అమలమ్మ ఒళ్ళో తలపెట్టి, "బల్లలు లాగెయ్యండ్రా" అని ప్రాణం వదిలాడు.

మర్నాడు కాలవ పొడుగునా ప్రతి రేవులో బల్లలు లాగేశారు. ఒక్క బస్తా గట్టెక్కలేదు. తుపాకులు గట్టు మీద నిలబడ్డాయి, ధాన్యం పడవల్లో మొలకెత్తింది.

ఇందులో ఒకటి నేను కల్పించాను. తూటా శౌరయ్య గొంతులోంచి పోయింది. అతనేమీ అనలేదు, అమలమ్మ వంక చూశాడంతే. ఆ మాట నేను పెట్టాను. బల్లలు మాత్రం కల్పన కాదు. ఒకదాని కొస నేనే పట్టుకుని లాగాను, ఈసారి రెండు చేతులతో.