ఎందుకైనా మంచిదని ఒక రోజు

దక్షిణామూర్తి లాంటి భర్త పగవాళ్లకి కూడా వద్దని వసుమతి తాముండే ట్రాయ్ ఊళ్లో కనబడ్డ వాళ్లందరికీ చెప్పేది. విమానానికి ఐదు గంటల ముందే ఎయిర్‌పోర్టులో కూర్చోబెట్టే మనిషి. తమ ప్రయాణం కోసం గ్రీసు దీవుల మధ్య తిరిగే ఫెర్రీ పడవలకు పెన్సిలుతో చార్టు గీసి, తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఎందుకైనా మంచిదని ఖాళీగా వదిలాడు. ఆవిడ చడీచప్పుడు లేకుండా ఆ రోజును చెరిపేసి, అక్కడ ఇంకో దీవిని ఇరికించింది.

ఆ చార్టునే స్నేహితురాలు లూసీ అడిగి తీసుకుని, భర్తతో కలిసి వీళ్లకంటే ముందే, ఎనభై నాలుగు జూలైలో బయల్దేరింది. తిరిగొచ్చాక వీళ్ల సోఫాలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"గాలి ఎక్కువని ఫెర్రీలు ఆపేశారు అన్నయ్యగారూ. ఫ్లైట్ మిస్ అయ్యాం. మా చెల్లి పెళ్లికి అందుకోలేకపోయాం."

దక్షిణామూర్తి చార్టు తీసుకుని చూశాడు. చెరిపిన మరక మీద బొటనవేలు ఆనించాడు. భార్య వైపు మాత్రం తలెత్తలేదు.

"నాదే తప్పమ్మా. ఒక రోజు వదలాల్సింది."

వసుమతికి తల కొట్టేసినట్టయింది.

"ఆయన వదిలారు లూసీ," అంది. "చెరిపింది నేను. తప్పు నాది."