అత్తయ్య రెండో మారథాన్

మా ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడితే ఆగకుండా పోవడం అనేది లేదు. మెట్ల మీద ఎదురైనా, వీధిలో ఎదురైనా, పొద్దున్న చూసుకున్న మొహాలే అయినా సరే, నిలబడి నాలుగు మాటలు మాట్లాడి తీరాలి. కోడలిగా వచ్చిన కొత్తలో నాకిది చిరాకుగా ఉండేది. తర్వాత నాకూ అంటుకుంది. అత్తయ్య మొదటి మారథాన్ ఎందుకు పూర్తి చేయలేకపోయిందో తెలియాలంటే ముందు మా ఇంటిల్లిపాదికీ ఉన్న ఈ జబ్బు సంగతి తెలియాలి.

అత్తయ్య ఒక పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసి రిటైరైంది. "ఇన్నేళ్ళూ ఒకే చోట నిలబడ్డాను, ఇక కదులుతాను" అంటూ అరవై దాటాక బూట్లు కొనుక్కుంది. మొదట్లో నవ్వుకున్నాం. ఆవిడ పార్కు చుట్టూ నడిచి, ఆపైన పరుగెత్తి, తర్వాత పార్కు చాలక ఊరి చివరిదాకా వెళ్ళి రావడం మొదలుపెట్టేసరికి నవ్వడం మానేశాం. మా ఆయన మాత్రం హడలిపోయాడు. ఆయన లిఫ్టు మెకానిక్. ఇరుక్కుపోయినవాళ్ళను బయటికి లాగడం ఆయన ఉద్యోగం. ఇంట్లో ఎవరూ ఇరుక్కోకపోయినా లాగేస్తుంటాడు.

మారథాన్ రోజున దారి పొడవునా మేమే. వంతెన దగ్గర ఒలిచిన నారింజ తొనలతో నేను. ఆసుపత్రి మలుపులో ఫోన్ పట్టుకుని ఆడపడుచు. పెళ్ళయి పిల్లలున్నా ఇంట్లో ఆ పిల్లను చిన్నది అనే అంటాం. రైల్వే గేటు దగ్గర మడత కుర్చీ, పొడి మేజోళ్ళు, నొప్పుల నూనెతో మా ఆయన. ఆవిడ ఒక చోటు దాటగానే బస్సెక్కి ఇంకో చోటికి ఉరికాం. ఆవిడకన్నా మాకే ఎక్కువ ఆయాసం వచ్చింది. చివరికి ఏమైంది? ఈ పరుగుల్లో అందరికన్నా వెనక ఒక పసుపు రంగు వ్యాను వస్తుంది. గడువులోగా చేరలేరనుకున్నవాళ్ళను ఎక్కించుకుపోవడం దాని పని. ఇంకో పావు వంతు దారి ఉందనగా అత్తయ్యను ఎక్కించుకుంది. కిటికీలోంచి ఆవిడ నవ్వుతూ మాకు చెయ్యి ఊపింది. నాకు ఏడుపు ఆగలేదు.

వారం తిరక్కుండానే బాంబు పేల్చింది.

"వచ్చే నెల మొదట్లో పక్క ఊళ్ళో ఇంకోటి ఉందిట. పేరిచ్చేశాను."

మా ఆయన తాగుతున్న మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఒకసారి చూశాంగా అమ్మా. నీ వయసుకి అంతవరకూ వెళ్ళడమే గొప్ప."

"నా వయసుని నేనేమీ అడగలేదు. కాళ్ళని అడిగాను. సరే అన్నాయి."

ఆపైన తల్లీకొడుకుల మధ్య మాటలు బందు. "మీ అత్తయ్యకి చెప్పు" అని ఈయన, "మీ ఆయనకి చెప్పు" అని ఆవిడ. ఒకే గదిలో కూర్చున్న ఇద్దరి మధ్య కబుర్లు మోయలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

నేను జుట్టు కత్తిరించే షాపు నడుపుతాను. ఇంట్లోవాళ్ళ తలలు మాత్రం సెలవు రోజున వంటగదిలోనే చూస్తాను. తలకు రంగు పట్టించినంతసేపూ మనిషి ఎటూ పారిపోలేదు. అందుకే అత్తయ్య మెడకు తువ్వాలు చుట్టి, సగం తలకు రంగు వేశాక అడిగాను.

"నిజం చెప్పండి అత్తయ్యా, ఆ రోజు ఎక్కడ నొప్పి పెట్టింది?"

"ఎక్కడా పెట్టలేదే."

"మరి అంతగా ఎందుకు అలిసిపోయారు?"

"ఎవరు అలిసిపోయారు? టైము చాల్లేదు, అంతే." ఇక దాచలేక చెప్పేసింది. "వంతెన దగ్గర తొనలన్నీ తినేదాకా నువ్వు వదల్లేదు. చిన్నది ఫోటో బాగా రాలేదని వెనక్కి పంపి మళ్ళీ పరిగెత్తమంది. మీ ఆయనైతే కుర్చీలో కూర్చోబెట్టి, మేజోళ్ళు మార్చి, పిక్కలు నొక్కి, వాళ్ళ ఆఫీసులో ఎవరికో ప్రమోషన్ వచ్చిన కథంతా చెప్పాడు."

"వద్దనొచ్చుగా?"

"ఎలా అననే? చీకటితో లేచొచ్చి నా కోసం నిలబడ్డారు. మీ మొహాలు చూస్తూ ఎలా దాటిపోను?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తొనల్లో గింజలు కూడా ఏరి పెట్టానే అని గయ్యిమనబోయాను. అంతలోనే సిగ్గేసింది. ఇన్నాళ్ళూ అందరూ వయసు, వయసు అంటుంటే ఆవిడ తలూపిందే గాని మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తప్పంతా తన మోకాళ్ళ మీద వేసుకుని ఊరుకుంది. రంగు చేతులతోనే ఆవిడను వాటేసుకోవాలనిపించింది.

"ఈసారి ఎవరూ రావద్దు" అంది. "ఒక్కళ్ళు కనబడినా నేను ఆగిపోతాను, నా సంగతి నాకు తెలుసు. మళ్ళీ ఆ వ్యానే ఎక్కాల్సొస్తే ఇంక నా వల్ల కాదనుకుని బూట్లు ఎవరికైనా ఇచ్చేస్తాను. వాడికి నువ్వే చెప్పు. నేను చెప్తే, వాడు మొహం చిన్నబుచ్చుకోగానే రమ్మనేస్తాను."

చెప్పాను. మా ఆయన మొహం నిజంగానే చిన్నబోయింది.

"నా వల్లే ఆగిపోయిందా?"

"మన అందరి వల్లా. ఆ ఘనతంతా నువ్వొక్కడివే కొట్టేయకు."

లేచి వెళ్ళి మడత కుర్చీ తీసి అటక మీద పడేశాడు. "రానని చెప్పు" అన్నాడు.

పరుగు రోజు రానే వచ్చింది. అత్తయ్య ముందు రోజే ఒంటరిగా బస్సెక్కి వెళ్ళిపోయింది. ఈయన పొద్దుటినుంచీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందంటూ బయల్దేరాడు. పనిముట్ల సంచి చూస్తే గోడకే వేలాడుతోంది. బస్టాండులో పట్టుకున్నాను.

"అమ్మకి కనబడను" అన్నాడు నేను నోరు తెరవకముందే. "చివరి మలుపులో, జనం మధ్యలో నించుంటాను. దూరం నుంచి చూసి వచ్చేస్తాను. మాటంటే మాటే."

నాలుగు తిట్టాల్సింది. తిట్టకుండా రెండు టికెట్లు తీసుకున్నాను.

చివరి మలుపులో జనం బాగానే ఉన్నారు. పరుగెత్తేవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోతుంటే వాళ్ళ తాలూకువాళ్ళు వెనకాలే కదిలారు. అత్తయ్య వచ్చే వేళకు వీధిలో ఒక్క నరపురుగు లేదు. చాటున నిలబడటానికి ఒక చెట్టయినా లేదు. ఇటు మేమిద్దరం, అటు వీధి చివర ఆవిడ, ఆవిడ వెనకే నెమ్మదిగా పసుపు వ్యాను.

"చచ్చాం" అన్నాడు. నా భుజం పట్టుకుని గిరుక్కున తిప్పి, తనూ తిరిగి, మూసేసి ఉన్న కళ్ళద్దాల షాపు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. షాపు గాజు తలుపులో వీధంతా కనిపిస్తోంది. ఆవిడ కొంచెం కుంటుతోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మా వీపులు ఆవిడకు తెలియకపోవడమేమిటి? కొడుకు వీపది. చూసింది. అడుగులు నెమ్మదించాయి.

"ఆగకు" అంటున్నాడు మా ఆయన, గాజుకు కూడా వినపడనంత చిన్నగా. "ఆగకమ్మా, నీకు పుణ్యముంటుంది, ఆగకు." చూస్తే ఎక్కడ ఆవిడ వైపు తిరిగిపోతానో అని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

బూట్ల చప్పుడు మా పక్కకే వచ్చింది. ఆవిడ అరచెయ్యి మా ఆయన మెడ దగ్గర ఆని, వీపు మీదుగా కిందికి నిమిరింది. తర్వాత నా తల మీద పడింది. ఒక్క మాట లేదు. చప్పుడు ముందుకు సాగిపోయింది. ఆ తర్వాత పసుపు వ్యాను ఖాళీగా మమ్మల్ని దాటింది.

మలుపు అవతల మైకులో ఎవరో, "ఇంకా ఒక్కరున్నారు, చప్పట్లు కొట్టండి" అన్నారు. చప్పట్లు వినపడ్డాయి. అవి ఆగకుండా చాలాసేపు మోగాయి.

"గీత దాటిందా?" అన్నాడు.

"దాటింది."

ఆయన చెంపల మీదనుంచి కన్నీళ్ళు కారి చొక్కా తడిసిపోతోంది. కళ్ళు మాత్రం ఇంకా మూసుకునే ఉన్నాడు.

"ఇప్పుడు తిరగొచ్చా?"

భుజాలు పట్టుకుని నేనే తిప్పాను.