బయట కట్టిన కర్టెన్

ఊళ్లో సగం కిటికీలకు కర్టెన్లు కుట్టిన మనిషి ఆయన. అందరూ కర్టెన్ల మాస్టారంటారు. అలాంటి మనిషి మధ్యాహ్నమయ్యేసరికి సొంత ఇంట్లో మిషను ముందు కూర్చోలేక చెమటలు కక్కుతుంటే, భార్యకు జాలీ నవ్వూ కలిసి వచ్చేవి.

కుట్టుగది పడమటివైపు ఉంది. పొద్దు వాలిందంటే చాలు, ఎండ కిటికీ అద్దంలోంచి నేరుగా ఆయన వీపు మీదికి దిగేది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే గదంతా చక్కర్లు కొట్టేది. ఏసీ కొందామనుకున్నారు గానీ, దాని బయటిపెట్టె వదిలే సెగ సరిగ్గా ఎదురింటి పసిపిల్ల పడుకునే కిటికీకి తగులుతుంది. ఇద్దరికీ మనసొప్పలేదు. దాంతో మాస్టారు తనకొచ్చిన విద్యనే నమ్ముకున్నాడు. కిటికీకి లోపల మందపాటి కర్టెన్ వేశాడు. చాల్లేదని దానికి వెనక అస్తరు గుడ్డ కుట్టాడు. అదీ చాల్లేదని ఇంకో కర్టెన్ తగిలించాడు. గది చీకటైంది గానీ వేడి ఇసుమంతైనా తగ్గలేదు.

"ఇక నా వల్ల కాదే. బజార్లో కొట్టు చూశాను. అక్కడికి మారిపోతా," అన్నాడు చివరికి.

పెళ్లయినప్పటినుంచీ ఆయన కుడుతుంటే ఆమె పక్కన చాప మీద కూర్చుని కర్టెన్లకు హుక్కులు వేస్తుంది. ఊళ్లో సంగతులన్నీ ఆ గదిలోనే తేలిపోతాయి. కొట్టుకు వెళ్లాడంటే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరతాడు. మీరు లేకపోతే నాకు తోచదని చెప్పడానికి ఈ వయసులో సిగ్గేసి, "మీ ఇష్టం," అని ఊరుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కొట్టు తాళంచెవి తేవడానికి వెళ్లాడు. గది ఊడుస్తూ ఆమె కర్టెన్ పక్కకు జరపబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. పొయ్యిమీది పెనంలా ఉంది! అంటే ఎండ లోపలికొచ్చాక ఈ కర్టెన్ దాన్ని ఆపుతోందన్నమాట. వచ్చి కూర్చున్న చుట్టాన్ని గుమ్మంలో ఆపినట్టుంది వ్యవహారం. కర్టెన్ అంటే గది లోపలే ఉండాలని మాస్టారి బుర్రలో అంతగా పాతుకుపోయింది మరి.

పారెయ్యబుద్ధికాక దాచిన కత్తిరింపు ముక్కల మూట విప్పి, లేతరంగువి ఏరి, గబగబా ఒక్క తెరగా కుట్టేసింది. కిటికీ బయట, అద్దానికి తగలకుండా జానెడు ఎడంగా తాడు కట్టి వేలాడదీసింది.

ఎండ మండిపోతుండగా తిరిగొచ్చిన మాస్టారు వీధిలోనే ఒంటికాలి మీద లేచాడు.

"ఇదేంటే! కర్టెన్ల మాస్టారి కిటికీకి ఈ అతుకుల బొంతా? ఆ వంకర కుట్లేంటి? ఇది చూశాక నా దగ్గరికెవరొస్తారు?"

"తిట్టేదేదో లోపల కూర్చుని తిట్టండి," అందామె.

ఆయన విసురుగా లోపలికొచ్చి, తాళంచెవి బల్ల మీద పడేసి కూర్చున్నాడు. అలవాటుగా మెడ తుడుచుకోబోయాడు. తుడవడానికి చెమటేదీ? లేచి అద్దం మీద చెయ్యి వేసి చూశాడు. సెగ లేదు. మళ్లీ బయటికెళ్లి, తాడు విప్పి తెర కిందికి దించేశాడు.

ఆయన పరువు ముందు తనెంత, తన కుట్లెంత అనుకుందామె. రేపటినుంచి ఈ గదిలో ఒక్కతే కూర్చోవాలి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాస్టారు తెరను మిషను మీద పరిచి, కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.

"చూస్తావేంటే? మళ్లీ ఎండ పడుతోంది. నేనిది సరిగ్గా కుట్టేదాకా ఆ దుప్పటి తీసుకెళ్లి బయట అడ్డంగా పట్టుకో."

ఆమె పరుగున వెళ్లి కిటికీకి అడ్డంగా దుప్పటి పట్టుకుని నిలబడింది. లోపల మిషను చప్పుడు మొదలైంది.

"ఏమే," అన్నాడు లోపల్నుంచి, "సాయంత్రం ఆ కొట్టు తాళంచెవి తిరిగిచ్చేసి రావాలి. గుర్తుచెయ్యి."

చేతులు లాగేస్తున్నా, ఆమె దుప్పటిని ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.