గడప దగ్గర ఆగిన నది

శనివారం సాయంత్రాలు ఊరి క్లబ్బులో ఎవరో ఒకరు కథ చదివేవారు. ఆ వేళకి కెద్రోవ్కా నది గట్టెక్కి, మెట్లెక్కి, లోపలికొచ్చేది. బెంచీల కింద పరుచుకుని చివరిదాకా వినేది. పాత రచయితల కథల్లో అడవి కొట్టేస్తున్నారని వస్తే వినేవాళ్ళ చీలమండల దగ్గర చిన్నగా కదిలేది. ఊరివాళ్ళు రబ్బరు బూట్లు వేసుకునే వచ్చేవారు.

ఆ శనివారం కపితొలీనా వంతు. పాలకేంద్రంలో పనిచేస్తూ, నది గురించి తనే ఒక పుస్తకం రాసింది. దాన్ని అచ్చు వేయబోయే ఇన్నకెంటీ పావ్లవిచ్ నగరం నుంచి వచ్చాడు. ఎగువన కాగితం మిల్లు వదిలే నీటితో నదికి ఏ హానీ లేదని ఒక పేజీ చేర్చమన్నది ఆయనే. ఏప్రిల్ నుంచీ చేపలు వెల్లకిలా తేలడం కళ్ళారా చూస్తూనే ఆమె చేర్చింది. మొదటి పుస్తకం మరి.

నది వచ్చింది కానీ గడప దాటలేదు. బురద కాళ్ళతో పెళ్ళింటి ముందు నిలబడ్డ చుట్టంలా అక్కడే ఆగిపోయింది. అంచుల్లో గోధుమరంగు నురగ, కుళ్ళిన క్యాబేజీ కంపు.

గ్లఫీరా అత్త లోపలికి రమ్మని రెండుసార్లు పిలిచింది. ట్రాక్టర్ యెఫీమ్ అయితే, తను వారం వారం డీజిల్ కంపుతోనే వస్తున్నాడనీ, తననెవరూ గెంటలేదనీ నదికి నచ్చజెప్పాడు. అది ఒక మెట్టు కిందికి దిగింది.

"సిగ్గుపడుతోందే, కపా," అంది అత్త.

కపితొలీనా మొహం చెవులదాకా ఎర్రబడింది. తల వంచుకుని చదవడం మొదలుపెట్టింది. చేర్చిన పేజీ రాగానే ఆపి తలెత్తింది. బయట నది నురగని మెట్ల కిందికి దాచుకుంటోంది.

"ఇది నేను చదవనండి."

"అది లేకపోతే పుస్తకం లేదమ్మా," అన్నాడు ఇన్నకెంటీ పావ్లవిచ్ మెల్లగా, అందరి ముందూ.

"తెలుసండి."

ఆయన ఆ పుస్తకం కాగితాలు బల్ల మీదే వదిలేసి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, నదిని దాటుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రుమాలు చూసి నది మరీ ముడుచుకుపోయింది.

కపితొలీనా బూట్లు విప్పి, వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. సిగ్గుపడాల్సింది నువ్వు కాదని చెప్పడానికైనా ఆమెకి మొహం చెల్లలేదు. చాలాసేపటికి నది మెల్లగా పైకొచ్చి, ఆమె పాదాల పక్కన, తగలకుండా ఆగింది.

ఆమే కాళ్ళు ముందుకు జరిపింది.