కడిగొచ్చిన క్యారేజీ

క్యారేజీ కడిగి ఉంది. ఫ్రేములాయనకి అనుమానం మొదలైంది అక్కడే.

ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు ఆయనది, ఇంటి ముందు గదిలోనే. భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. వీధిలో అందరూ ఆమెని డ్రైవింగ్ మేడమ్ అంటారు. పొద్దున్నే ఆమె వెళ్లిపోవాలి, ఆయన ఇంటిపట్టునే ఉంటాడు. అందుకే వంట ఎప్పట్నుంచో ఆయనదే. ఆమెకి షుగర్ ఉందనీ, ఒళ్లు కూడా తగ్గాలనీ డాక్టరమ్మ చెప్పాక ఆయన వంటలో చాదస్తం ఇంకాస్త పెరిగింది. అన్నం తగ్గించాడు, కూరలు పెంచాడు, నూనె చెంచాతో కొలిచి పోసేవాడు.

పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె స్కూల్లో ఒక్క గిన్నె కడిగిన పాపాన పోలేదు. అలాంటిది కొన్నాళ్లుగా క్యారేజీ తళతళలాడుతూ ఇంటికొస్తోంది.

"ఏంటి, ఈమధ్య క్యారేజీ కడిగి తెస్తున్నావు?"

"ఏం, కడిగితే తప్పా?"

తప్పేం లేదు. కానీ మూత లోపలి అంచు కూడా తోమి ఉంది. ఆయనకి తెలిసినంతలో ఆ అంచు జోలికి ఆమె ఎప్పుడూ పోలేదు.

ఆమె చిక్కిపోతోంది. దారిన పోయేవాళ్లు ఆగి మరీ "సగమైపోయారు మేడమ్, రహస్యమేంటి?" అని అడుగుతున్నారు. "మా ఆయన వంట" అని నవ్వేది. ఆయనా పొంగిపోయేవాడు, రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా.

"బరువు తగ్గారు. కానీ షుగర్ మూడు నెలల సగటు చూస్తే పెరిగింది," అంది డాక్టరమ్మ. "తీపి ఏమైనా తింటున్నారా?"

"స్వీట్లు ముట్టుకోలేదు, మీ మీదొట్టు డాక్టర్."

"నా మీదెందుకమ్మా," అంటూ డాక్టరమ్మ ఫ్రేములాయన వైపు చూసింది. ఆ చూపు ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. నేరం తన వంటింట్లోనే జరిగినట్టుంది.

ఇంటికొచ్చి తల్లితో చెప్పాడు. ఆవిడకి కోడలు పెట్టిన పేరు సీఐడీ. ఎదురుగానే అంటుంది, అత్తగారికీ ఆ పేరు ఇష్టమే.

"నా కోడలు అబద్ధమాడదురా," అంది సీఐడీ. "అలాగని నిజం మొత్తం చెప్పదు కూడా."

ఆ మాట ఆయన బుర్రలో తిరుగుతూనే ఉంది. భార్య స్నానానికి వెళ్లినప్పుడు హ్యాండ్‌బ్యాగు తెరిచాడు. అడుగున బిస్కట్ పొడి, రెండు స్ట్రాలు. తెరిచినందుకు సిగ్గేసింది. తీరా దొరికాక సిగ్గు పోయి మంట మొదలైంది. ఇక అన్నీ కళ్లబడసాగాయి. రాత్రి కంచం ముందు కూర్చుంటే అన్నం మళ్లీ మళ్లీ వడ్డించుకుంటోంది. మధ్యాహ్నం క్యారేజీ ఖాళీ చేసిన మనిషికి ఇంత ఆకలేంటి? ముద్దకీ ముద్దకీ మధ్య తనవైపు దొంగచూపు చూస్తోందా? చూస్తోందనే అనిపించింది.

మర్నాడు షాపు మూసి, ఎవరికీ చెప్పకుండా డ్రైవింగ్ స్కూలుకి బయల్దేరాడు.

స్కూలు పక్కనే కార్లు బాగుచేసే షెడ్డు. అందులో మెకానిక్, బలంగా ఉన్న మనిషి, టైరు మీద కూర్చుని హాయిగా భోంచేస్తున్నాడు. అతని ఒళ్లో ఉన్నది తన ఇంటి క్యారేజీ. అందులో ఉన్నవి తను పొద్దున ఒక్కో కాయా చూసి తరిగిన చిక్కుళ్లు.

ఫ్రేములాయన బిస్కట్ల సంగతి మర్చిపోయాడు. వేరే సంగతులు, అనుకోవడానికి కూడా ఇష్టంలేనివి, మనసులోకి తోసుకొచ్చాయి. వెనక్కి తగ్గి, రోడ్డుకి అవతల టీ కొట్టులో తలుపు చాటున నిలబడ్డాడు.

కాసేపటికి నేర్చుకునేవాళ్ల కారు కుదుపులతో వచ్చి ఆగింది. భార్య దిగింది. దిగి కదల్లేదు. కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మొహమంతా చెమట. మెకానిక్ గబగబా లేచి జ్యూస్ సీసా తెచ్చిచ్చాడు. ఆమె స్ట్రా పక్కన పడేసి ఒక్క గుక్కలో తాగేసింది. ఆపైన బిస్కట్లు, ఒకదాని వెనక ఒకటి.

ఆయన రోడ్డు దాటాడు.

"బాగుంది. నా వంట ఇతనికి, బిస్కట్లు నీకు."

ఆమె ఉలిక్కిపడింది. "మీరిక్కడేంటి? నన్ను కనిపెట్టడానికొచ్చారా?"

"కనిపెట్టడానికే వచ్చాను. కనిపెట్టాను కూడా."

మెకానిక్ చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "తప్పుగా అనుకోకండి సార్. మేడమ్ మధ్యాహ్నం తిననంటారు. పారబోస్తుంటే మనసొప్పక నేను తీసుకుంటున్నాను. కడిగే ఇస్తున్నాను. ఈ జ్యూస్ అంటారా, చేతులు వణుకుతున్నాయంటే తెచ్చిపెడుతున్నాను."

"వణుకుతున్నాయా?"

"ఈమధ్య దాదాపు రోజూ."

ఫ్రేములాయన కోపం అక్కడే చప్పబడింది. ఆమె వేళ్ల వైపు చూశాడు. చేతిలో బిస్కట్ ఇంకా అదురుతోంది.

"కారులో, నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని ఉండగానా?"

ఆమె తల దించుకుంది. షెడ్డు గట్టు మీద కూర్చున్నాక చెప్పింది. నేర్చుకోవడానికొచ్చే ఒకడు ఫోన్లో ఎవరితోనో అన్నాడట, మేడమ్ ఎక్కితే కారు అటు పక్కకి ఒరిగిపోతోందని.

"నాకు వినపడలేదనుకున్నాడు. నేనూ విననట్టే నవ్వేశాను. మర్నాటి నుంచి పగలు తిండి మానేశాను. పొద్దున దారిలో తింటానని మీ దగ్గర తీసుకెళ్లే టిఫిను కూడా ఇతనికే ఇస్తున్నాను."

"మరి షుగర్ మాత్ర?"

"అది మానలేదు."

"నాకో మాట చెప్పొచ్చుగా."

"చెప్తే తినమంటారు. తింటే ఒరుగుతాను."

ఆయన మెకానిక్‌ని చూసి దండం లాంటిదేదో పెట్టి, ఆమెని నేరుగా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది, కానీ గట్టిగా చెప్పింది. ఖాళీ కడుపున మాత్ర పడితే షుగర్ పాతాళానికి పోతుంది, పైన జ్యూస్ పడితే ఆకాశానికి లేస్తుంది, రాత్రి కంచం నిండా అన్నం దాన్ని అక్కడే కూర్చోబెడుతుంది. "షుగర్ అదుపు తప్పినా మనిషి చిక్కుతాడు. దాన్ని చూసి మురిసిపోకండి. పొద్దున తినండి, మధ్యాహ్నం తినండి, రాత్రి పెందలాడే తక్కువ తినండి. కంచంలో సగం కూరలు, పావు అన్నం, మిగతా పావు గుడ్డో, శనగలో. వణుకొస్తే జ్యూస్ తాగాల్సిందే, తప్పదు. ఆ వణుకు రాకుండా వేళకి తినడం మీ పని." మాత్ర మార్చింది. వణుకు పూర్తిగా పోయిందని తను చెప్పేదాకా కారెక్కొద్దంది.

ఆమె ఆ కొన్నాళ్లూ ఇంట్లోనే ఉంది. తర్వాత పనిలోకి వెళ్లింది. క్యారేజీ మళ్లీ జిడ్డుతో రావడం మొదలైంది. అయినా ఆయనకి నమ్మకం కుదరలేదు. జిడ్డు కావాలని అంటించిందేమో? ఒకరోజు హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టి ఉండగా ఆమె గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"వెతికితే మళ్లీ దాస్తాను," అంది, గొంతు పెంచకుండా. "అడిగితే చెప్తాను. ఏది కావాలో మీరే తేల్చుకోండి."

ఆయన బ్యాగు మూసి, ఉన్నచోట పెట్టాడు. లోపల్నుంచి సీఐడీ, "వాణ్ణి ఏమన్నా అనుకో. నేను మాత్రం చూస్తూనే ఉంటాను," అంది.

ఆ తర్వాతి పరీక్షలో సగటు దిగింది. ఇంకా దిగాలి. పోయిన బరువులో కొంత తిరిగొచ్చి, మళ్లీ నెమ్మదిగా తగ్గడం మొదలుపెట్టింది. ఈసారి వీధిలో ఎవరూ ఆగి మెచ్చుకోలేదు.

ఒక సాయంత్రం ఆమె ఆలస్యంగా వచ్చింది. పెదవి పక్కన తెల్లగా ఏదో ఉంది. ఆయనకి పాత మంట లేచింది. బ్యాగు వైపు చూపు పోయింది. చూపు తిప్పుకుని అడిగాడు.

"ఏమైనా తిన్నావా?"

"కేక్. ఎన్నోసార్లు ఫెయిలైన ఆవిడకి ఇవాళ లైసెన్సు వచ్చింది, ఆవిడే తెచ్చింది. చిన్న ముక్కే." పెదవి తుడుచుకుంది. "కాదులెండి. చిన్నదేం కాదు."

ఆయన గరిటె అందుకున్నాడు. "అయితే ఇవాళ అన్నం తగ్గించనా?"

"తగ్గించండి. కూర మాత్రం తగ్గించకండి, ఆకలేస్తోంది."

తిన్నాక ఇద్దరూ వీధి చివరిదాకా నడవడానికి బయల్దేరారు. వాళ్లు సగంలోనే వెనక్కి తిరుగుతారేమోనని సీఐడీ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.