ఐదో వరస, తొమ్మిదో కుర్చీ

పలుకును మాకు ప్రసాదించి, పలుకు వెనుకనున్న మౌనమును నీయొద్దనే నిలుపుకొన్న తల్లీ శారదా, ఒక అక్క గొంతును గూర్చిన చిన్న కథ చెప్పబూనితిని, నా మాట తడబడకుండ నాలుకపై నిలిచి నడిపింపుము.

ఇందులోనూ అక్క మాట లేదు, ఇది నూట పదమూడవ టేపు, చప్పట్లతోనే మొదలై చప్పట్ల మోతతోనే ముగిసింది, అంతకు ముందు ఒక్క అక్షరమైనా లేదు, ఆచార్యుడు హెడ్‌ఫోన్లు తీయకుండానే తరువాతిది ఎక్కించాడు, ఎక్కడో ఒకచోట ఉండకపోదు, అక్క ఎంత మాట్లాడేది ఆ రోజుల్లో, నోటికి తాళం ఉండేది కాదు, ఇప్పుడు పక్కగదిలో పలక మీద సుద్దతో రాస్తోంది, గొంతులో పుండు ముదిరిందని స్వరపేటిక తీసేసి నెల అయింది, నిన్ననే వైద్యురాలు చెప్పింది, పాత రికార్డింగులు ఉంటే తెండి సార్, పది నిమిషాల మాట చాలు, ఆవిడ టైపు చేసినదాన్ని ఆవిడ గొంతుతోనే పలికే యంత్రం చేయించవచ్చు, ఆ మాట వినగానే అక్క పలక అందుకుంది, మా తమ్ముడు ధ్వనిశాస్త్రంలో పెద్ద ఆచార్యుడండీ, నా గొంతు వాడి దగ్గర బీరువాల నిండా ఉంది, అని రాసి కింద రెండు గీతలు కూడా గీసింది, రేపే తెస్తానక్కా అన్నాడు తాను, ఎందుకన్నాడు, ఏం చూసుకుని అన్నాడు.

చప్పుడు ఆగిన తరువాత గదిలో మోత ఎంతసేపు నిలుస్తుందో కొలవడం, విశ్వవిద్యాలయంలో తాను ఎంచుకున్న పరిశోధన అది, అందుకు ఒకరు చప్పట్లు కొట్టాలి, ఒకరు రికార్డు చేయాలి, సెలవురోజున కుట్టుమిషను మూసిపెట్టి అక్కే వచ్చేది, ఖాళీ సభామందిరంలో కుర్చీ కుర్చీకీ నిలబడి, ఒరేయ్, పాడినవాడికి కదరా చప్పట్లు కొట్టేది, గోడలకు కొట్టించే బుద్ధి నీకెలా పుట్టిందిరా, అని నవ్వేది, ఆ నవ్వుకు మందిరమంతా మోగేది, అబ్బా, కాసేపు ఊరుకో అక్కా, మోత పూర్తిగా అణగాలి, అని తాను విసుక్కునేవాడు, కొట్టే ముందు చోటు పేరు చెప్పాలని ప్రయోగశాల నియమం, ఐదో వరస, తొమ్మిదో కుర్చీ, అని ఊరుకుంటే అక్క ఎందుకవుతుంది, ఈ కుర్చీలో నల్లులున్నాయిరా, ఒకటి, రెండు, అని అప్పుడు కొట్టేది, గట్టిగా, ప్రతిసారీ ఒకే తీరుగా, మీ అక్క చేతులకు యోగ్యతాపత్రం ఇవ్వాలోయ్ అని గురువుగారు మెచ్చుకున్నారు, ఆ నోటితోనే, చప్పుడుకు ముందున్నదంతా చెత్త నాయనా, కోసి పారెయ్, అన్నారు, తాను చోటును పుస్తకంలో రాసుకుని బ్లేడుతో టేపు కోశాడు, ఐదో వరసను, తొమ్మిదో కుర్చీని, నల్లులను, నవ్వును, అన్నిటినీ కోశాడు, బుట్ట నిండా గోధుమరంగు టేపు ముక్కలు చుట్టలు చుట్టుకుని పడివుంటే, ఇంత నున్నటి రిబ్బన్లు పారేస్తావేంట్రా, అని అక్క ఏరుకుని తీసుకుపోయి కుట్టిన బట్టల మూటలకు కట్టేది, తన గొంతునే ముడివేసి పరాయివాళ్ల చేతుల్లో పెట్టేది, తాను చూస్తూనే ఉన్నాడు.

సిద్ధాంతగ్రంథం అచ్చయింది, మైకు చేసిన సంస్థకు కృతజ్ఞతలు చెప్పాడు, దీపాలు వేసిన కాపలాదారుకు చెప్పాడు, అక్కకు మాత్రం, చప్పట్లు కొట్టినది ఒక సహాయకురాలు, అని ఒక్క ముక్క, పేరైనా లేదు, తరువాత ఉద్యోగం, శాఖాధ్యక్ష పదవి, తన లెక్కలతో కట్టిన సంగీతమందిరాలు, చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా మాట స్పష్టంగా వినబడాలి అని శిష్యులకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పాడు, ఈ టేపూ అయిపోయింది, ఇదే చివరిది, ఇందులోనూ చప్పట్లే, ఎంత శుభ్రంగా కోశాడు, ఒక్కచోటైనా చెయ్యి వణికి ఉండకూడదా.

హెడ్‌ఫోన్లు తీశాడు, పక్కగదిలో చప్పట్లు వినిపించాయి, మోత అర సెకను నిలిచింది, కాస్త ఎక్కువే, కిటికీకి తెర వేస్తే తగ్గుతుంది, అనుకున్నాడు, అనుకున్న తరువాత గాని అక్క తనను పిలుస్తోందని తోచలేదు, లేచి వెళ్లాడు, టేపుల్లో నీ మాట లేదక్కా, నేనే కోసేశాను, అప్పుడు నువ్వు మూటలకు కట్టావే, అవే, అన్నాడు, అక్క పలక తుడిచి మెల్లగా రాసింది, అయితే ఊళ్లోవాళ్ల జాకెట్లన్నీ నా మాట విన్నాయన్నమాట, నువ్వు తప్ప, రాసి నవ్వింది, భుజాలు కదిలాయి, కళ్లు చెమ్మగిల్లాయి, చప్పుడు లేదు, కొలవడానికి ఏ మోతా లేదు, అలా నిలబడినవాడికి అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ తాను విన్నది అక్క చప్పుడు తరువాత గదుల్లో మిగిలిన మోతనే, అక్కను వినడం ఇదే మొదలు.

ఈ కథ చెవినిడిన వారందరి ఇండ్లలో తోబుట్టువుల పలుకులు చిరకాలము నిలుచుగాక, పలికెడువారికి ఆయువును, వినెడువారికి తీరికను ఆ తల్లి ప్రసాదించుగాక.