ఎండ తగలకూడని ఇసుక

తెనాలి చుట్టుపక్కల బోర్లు దించే బడే సాహెబ్‌కి ముప్పై ఏళ్ళుగా ఒకటే అలవాటు. కింద నుంచి ఇసుక పైకి రాగానే చిటికెడు నాలుక మీద వేసుకుంటాడు. పడేది మంచినీళ్ళో ఉప్పునీళ్ళో అక్కడే చెప్పేస్తాడు. రేపల్లె దగ్గరి అడవులదీవిలో ఆ అలవాటే కొంప ముంచింది.

అతన్ని పనికి పిలుచుకెళ్ళింది సాయిసుధ. బాపట్లలో గది తీసుకుని, రేపల్లె దాకా ఉన్న ఇసుక మెరకలన్నీ ఐదేళ్ళుగా కాళ్ళరిగేలా తిరుగుతున్న సైంటిస్టు. ఆ మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులట. ఇసుక ఆఖరిసారి ఎండ ఎప్పుడు చూసిందో ల్యాబులో తేలుతుందట. దాన్నిబట్టి ఏ కాలంలో వానలు దండిగా పడ్డాయో, సముద్రం ఎప్పుడు వెనక్కి పోయిందో చెప్పొచ్చట. తను నీళ్ళ కోసం తవ్వి పారబోసే ఇసుకలో ఇంత సంగతుందా అని బడే సాహెబ్ నోరెళ్ళబెట్టాడు.

మిగిలింది అడవులదీవిలోని ఆఖరి మెరక. రొయ్యల చెరువు కోసం పొక్లెయిన్ దాన్ని అప్పటికే సగం తవ్వేసింది. ఈ ఇసుక దొరక్కపోతే ఐదేళ్ళ లెక్కలో ఒక మెట్టు విరిగిపోయినట్టే. ఇద్దరూ గోతి గోడలోకి ఇనప పైపు దిగ్గొట్టి, బయటికి లాగి, రెండు వైపులా మూతలు బిగించారు.

"వెలుతురు తగిలిందంటే ఇంక పనికిరాదు బాబాయ్," అని మరీ చెప్పి, కాసేపు ఆగమని పొక్లెయిన్ డ్రైవర్ని అడగడానికి వెళ్ళింది సాయిసుధ.

తిరిగొచ్చేసరికి మూత ఊడి ఉంది. ఇసుకంతా తువ్వాలు మీద ఉంది. చిటికెడు బడే సాహెబ్ నాలుక మీద ఉంది. ఆమె మొహం చూశాక గానీ తనేం చేశాడో అతనికి తెలిసిరాలేదు.

"దీని వయసు ఇప్పుడెంతొస్తుందమ్మా?"

"ఇవాళ్టిదని వస్తుంది."

నాలుగు తిట్టినా బాగుండేది అనుకున్నాడతను.

మళ్ళీ కొడదామని గోతి దగ్గరికెళ్తే, పొక్లెయిన్ అదురుకి గోడ కూలిపోయి ఉంది. ఏ పొర ఏదో తెలియడానికి సాయిసుధ గుచ్చిన మేకులు లేవు, గుర్తుల్లేవు. కొత్తగా బయటపడ్డ గోడలో పొరలన్నీ ఒకే రంగు. డ్రైవరిచ్చింది అరగంట. "ఏ పొరో తెలీకుండా తీస్తే తీయనట్టే," అని ఆమె గట్టు మీద కూలబడింది.

బడే సాహెబ్ గోతిలోకి దిగాడు. పైనుంచి ఒక్కో జానా గీకడం, నాలుక మీద వేసుకోవడం, ఉమ్మేయడం. ఉప్పు. ఉప్పు. మళ్ళీ ఉప్పు. మోకాలి ఎత్తు దగ్గర ఆగాడు.

"ఇదేనమ్మా. ఇందాకటిదీ ఇలాగే చప్పగా ఉంది. పంటికి ఒండ్రు తగిలింది."

సాయిసుధ భూతద్దం పెట్టి, తువ్వాలు మీది ఇసుకనీ దీన్నీ పక్కపక్కన చూసింది. "అదే బాబాయ్. దిగ్గొట్టు," అని పైపు అతని చేతికిచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సు ఆగినా అతను టీకి దిగలేదు. మూతల మీద నుంచి రెండు చేతులూ తీయలేదు.

ఐదు నెలలకి సాయిసుధ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆ ఇసుక ఎండ చూసి మూడు వేల ఏళ్ళు దాటిందట.

బడే సాహెబ్ ఫోను పెట్టేసి, భార్య జానీ బీ వైపు తిరిగాడు. "మూడు వేల ఏళ్ళదాన్ని ఒక్క నిమిషంలో ఇవాళ్టిదాన్ని చేసేశాను. అయినా ఆ తల్లి మళ్ళీ నా చేతికే పైపిచ్చింది," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.